బెజవాడలో తొలి పరిచయం: గ్రహాంతర జీవుల నవల రాసే పద్ధతి, దూరం లెక్క నుంచి ప్రెస్ ఫైలు దాకా

గ్రహాంతర జీవులు మనుషులకు మొదటిసారి తారసపడే నవల రాయాలనుకున్న వాళ్ళు చాలామంది ముందు ఆ జీవి బొమ్మ గీసుకుంటారు. కళ్ళెన్ని, చర్మం ఏ రంగు, చేతులున్నాయా లేవా. యాభై పేజీలయ్యాక కథ మొరాయిస్తుంది. రూపం ఎంత వింతగా ఉన్నా దానంతటది కథను నడపలేదు. నడిపేవి రెండు: వాళ్ళకూ మనకూ మధ్య ఉన్న దూరం, ఒకరి మాట ఒకరికి ఎంతవరకు అర్థమైందన్న లెక్క. మొదటిదానికి కాగితం, క్యాలిక్యులేటర్ చాలు. రెండోదానికి కావలసిన పనిముట్లు తెలుగు వ్యాకరణంలోనే ఉన్నాయి, అదీ ఇంగ్లిష్‌లో దొరకనివి. ఈ మార్గదర్శి ఆ వరుసలోనే సాగుతుంది. ఊరు విజయవాడ.

1. ఏ దారిన తారసపడతారో తేల్చుకోండి

దారులు నాలుగు. దూరం నుంచి సంకేతం రావడం, వాళ్ళు వదిలిన వస్తువు దొరకడం, వేరే గ్రహం మీద సూక్ష్మజీవి కనిపించడం, వాళ్ళే రావడం. మొదటి నవలకు సంకేతం అన్నిటికంటే అనువైనది. ఎదుటివాళ్ళు కనిపించరు కాబట్టి ఉత్కంఠ నిలుస్తుంది, తప్పులు దొర్లే చోట్లు తక్కువ.

వస్తువు దారికి నిజమైన ఆధారం ఉంది. సౌరమండలం బయటి నుంచి వచ్చిన వస్తువులను ఇప్పటికి మూడింటిని గుర్తించారు: 2017లో ఔమువామువా, 2019లో బోరిసోవ్, 2025లో అట్లాస్. అలాంటిది కొన్ని నెలల్లో సూర్యుణ్ణి చుట్టి వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. గడువు దానంతటదే వస్తుంది కాబట్టి థ్రిల్లర్ రాసేవాళ్ళకు ఇది మంచి ఎంపిక. సూక్ష్మజీవి కథ ల్యాబ్ గోడల మధ్యే తిరుగుతుంది, బెజవాడను అందులో ఇరికించడం కష్టం.

వాళ్ళే వస్తారంటారా, అయితే ఈ లెక్క వేయండి. 1977లో బయల్దేరిన నాసా అంతరిక్ష నౌక వోయేజర్ 1 సెకనుకు దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఆ వేగంతో అతి దగ్గరి నక్షత్రానికి (4.24 కాంతి సంవత్సరాలు, అంటే కాంతి అన్నేళ్ళు ప్రయాణించే దూరం) చేరాలంటే సుమారు 75 వేల ఏళ్ళు. కాంతి వేగంలో పదో వంతుతో వస్తే సుమారు 42 ఏళ్ళకు తగ్గుతుంది. కానీ ఒక్క కిలో బరువును ఆ వేగానికి తేవడానికి, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లోని 210 మెగావాట్ల యూనిట్ ఒకటి దాదాపు 25 రోజులు ఆగకుండా నడిస్తే వచ్చేంత శక్తి కావాలి. ఇక్కడికొచ్చి ఆగాలంటే మళ్ళీ అంత శక్తినీ వదిలించుకోవాలి. ఒక మనిషి బరువుకు, ఓడ బరువుకు మీరే గుణించి చూడండి. ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చేవాళ్ళు మన నీళ్ళకోసమో బంగారంకోసమో రారు, అవి దారి పొడవునా దొరుకుతాయి. వాళ్ళు దేనికోసం వచ్చారో ఒక్క వాక్యంలో రాసుకోలేకపోతే ఆ దారి వదిలేయడం మేలు.

2. నక్షత్రం ఎంపిక, కాలపట్టిక

పంచాంగంలోని పేర్లు ఇక్కడ నోరూరిస్తాయి. శ్రవణం సుమారు 17 కాంతి సంవత్సరాలు, అభిజిత్ 25, స్వాతి 37, రోహిణి 65, జ్యేష్ఠ 550 ప్రాంతం. అందరి నోళ్ళలో నానిన పేర్లు కాబట్టి పాఠకుడికి ఇట్టే అతుక్కుంటాయి. అయితే శ్రవణం, అభిజిత్ రెండూ వేడి నక్షత్రాలు, వయసు వంద కోట్ల ఏళ్ళు కూడా ఉండదు. భూమి మీద జీవం మొదలయ్యాక కంటికి కనిపించే జంతువుల దాకా రావడానికి దాదాపు మూడు వందల కోట్ల ఏళ్ళు పట్టింది. స్వాతి, రోహిణి, జ్యేష్ఠలేమో ఉబ్బిపోయిన ముసలి నక్షత్రాలు. వీటిలో దేన్నైనా వాళ్ళ పుట్టిల్లు అని రాస్తే ఖగోళం తెలిసిన పాఠకుడు పుస్తకం అక్కడే మూసేస్తాడు. దారిలో పెట్టుకున్న మజిలీ అనో, ప్రసార కేంద్రం అనో రాయండి, పేరూ దక్కుతుంది, తర్కమూ నిలుస్తుంది.

పుట్టింటికి టౌ సెటి బాగుంటుంది. 11.9 కాంతి సంవత్సరాలు, సూర్యుడికంటే కొంచెం చిన్నది, కొంచెం చల్లనిది. ట్రాపిస్ట్-1 చుట్టూ ఏడు గ్రహాలున్నట్టు 2017లో ప్రకటించారు, దూరం 40. కానీ అది ఎంత మసకది అంటే మీ పాత్రలెవరూ తలెత్తి చూడలేరు. నక్షత్రం కంటికి కనబడాలి అనుకుంటే ఆల్ఫా సెంటారి ఉంది: మే మొదటి వారంలో అర్ధరాత్రి విజయవాడ నుంచి దక్షిణం వైపు చూస్తే దిగంతానికి 12, 13 డిగ్రీల పైన ఉంటుంది. చేయి చాచి పిడికిలి బిగిస్తే పది డిగ్రీలు. పిడికిలి మీద బొటనవేలు పడుకోబెట్టినంత ఎత్తు. ఉక్కకు మేడ మీద చాపేసుకుని పడుకునే రోజులు అవి. దక్షిణం వైపు అపార్ట్‌మెంట్ అడ్డం లేని మేడ ఒకటి చూసుకుంటే మీ మొదటి అధ్యాయం అక్కడే మొదలవుతుంది.

టౌ సెటినే తీసుకున్నామనుకోండి. అది అర్ధరాత్రి అన్నిటికంటే పైకి వచ్చేది అక్టోబరు మూడో వారం ప్రాంతంలో. దక్షిణ దిగంతం నుంచి 57 డిగ్రీల ఎత్తు. అంటే ఇంద్రకీలాద్రి కింద భవానీల క్యూలు కదులుతున్న దసరా రోజులకు దగ్గర దగ్గరగా. ఊరి లైట్లలో అది దొరకడం కష్టం, దివిసీమ పొలాల్లోకి వెళ్తే కనిపిస్తుంది.

ఇప్పుడు కాలపట్టిక. నోటు పుస్తకంలో మూడు గడులు గీయండి: భూమి మీద తేదీ, సంకేతం ఎక్కడుంది, ముఖ్య పాత్రల వయసు. సంకేతం 2027 అక్టోబరులో అందింది. రేడియో సంకేతం కాంతి వేగంతోనే పోతుంది కాబట్టి అక్కడ బయల్దేరింది 2015 చివర్లో. మనం 2028 జనవరిలో జవాబిస్తే అది 2039 చివరికి చేరుతుంది. వాళ్ళు వెంటనే పలికినా మనకు వినపడేది 2051 అక్టోబరు ప్రాంతంలో. మొదటి సంకేతం నాటికి నాయికకు 27 ఏళ్ళుంటే రెండో మాట వినేటప్పటికి 51. వాళ్ళమ్మకు అప్పుడు 52, తర్వాత 76. ఈ అంకెలు పడగానే నవల సగం నిర్మాణం తేలిపోతుంది: రెండు భాగాలు, నడుమ 24 ఏళ్ళ ఖాళీ, ఆ ఖాళీలో అమ్మ ఉందా పోయిందా అన్న ప్రశ్న. ఈ పట్టిక వేయకుండా రాసిన కథల్లో ఎదుటి గ్రహం ఫోన్‌లో మాట్లాడినట్టు టకటకా జవాబులిస్తుంటుంది. తర్వాత సరిచేయాలంటే పుస్తకం మొత్తం తిరగరాయాల్సిందే.

3. సంకేతం పట్టుకునే దృశ్యం

మన దేశంలో రెండు పెద్ద రేడియో టెలిస్కోపులు ఉన్నాయి. పుణె దగ్గర ఖోడద్‌లో ఉన్న జీఎంఆర్‌టీలో 45 మీటర్ల డిష్‌లు 30. ఊటీలోది 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. సంకేతాన్ని 1420 మెగాహెర్ట్‌జ్ దగ్గర పెట్టాలని చాలామందికి తోస్తుంది, అది మంచి ఆలోచనే. విశ్వమంతటా ఉన్న హైడ్రోజన్ సహజంగా పలికే పౌనఃపున్యం అది కాబట్టి ఇద్దరు అపరిచితులకు తెలిసిన చిరునామా లాంటిది. కానీ దాన్ని ఊటీలో విన్నట్టు రాయకండి. ఊటీ టెలిస్కోపు పనిచేసేది 326.5 మెగాహెర్ట్‌జ్ దగ్గర. జీఎంఆర్‌టీ అయితే 1420 దాకా వినగలదు.

పట్టుకోగానే ఎవరూ కేకలు పెట్టరు. ముందు అనుమానం. టెలిస్కోపును నక్షత్రం మీద ఐదు నిమిషాలు, పక్కకు ఐదు నిమిషాలు, మళ్ళీ నక్షత్రం మీద, ఇలా మార్చి మార్చి చూస్తారు. పక్కకు తిప్పినా వినిపిస్తుంటే అది మన గోలే. ఇంకో పరీక్ష: భూమి తిరుగుతుంటుంది కాబట్టి దూరం నుంచి వచ్చే సంకేతం పౌనఃపున్యం నెమ్మదిగా జారుతుండాలి. కదలకుండా నిలబడితే దాని మూలం చుట్టుపక్కలే ఎక్కడో ఉంది. ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపును ఏళ్ళ తరబడి తికమక పెట్టిన పొట్టి సంకేతాలు చివరికి అక్కడి వంటగదిలో మైక్రోవేవ్ ఆగకముందే తలుపు తెరవడం వల్ల వస్తున్నాయని 2015లో తేలింది. 1967లో జోసెలిన్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని, లయగా రేడియో సంకేతాలు వెదజల్లే నక్షత్రమైన పల్సార్‌ను మొదట చూసినప్పుడు 1.33 సెకన్లకోసారి తు.చ. తప్పకుండా కొట్టుకుంటున్న ఆ సంకేతానికి చిన్న పచ్చ మనుషుల పేరే పెట్టుకున్నారు. మీ దృశ్యంలో ఇలాంటి పొరపాటు ఒకటి ముందు జరగనివ్వండి, నిజమైనది వచ్చినప్పుడు బరువుంటుంది.

తర్వాత రెండో చోట సరిచూడాలి. టౌ సెటి ఖోడద్‌లో అస్తమించాక దక్షిణాఫ్రికాలోని మీర్‌కాట్‌కు, అక్కడ 64 డిష్‌లున్నాయి, ఇంకో నాలుగున్నర గంటల పాటు కనబడుతూనే ఉంటుంది. ఆ వ్యవధే మీ అధ్యాయం. ఇక్కడ నక్షత్రం దిగిపోయింది, అక్కడి నుంచి ఇంకా కబురు లేదు.

జవాబు ఎవరివ్వాలి? 1989లో అంతర్జాతీయ ఖగోళయాన అకాడమీ వాళ్ళు కొన్ని సూత్రాలు రాసుకున్నారు, 2010లో సవరించారు. సరిచూసుకోవాలి, అందరికీ చెప్పాలి, అంతర్జాతీయంగా సంప్రదించకుండా జవాబు పంపకూడదు. ఇవి మాట మీద నిలబడేవే, చట్టం కాదు. ఎవరైనా ఆగలేక ముందే పంపేస్తే ఆపేవాళ్ళు లేరు. కథకు ఇంతకంటే మంచి సందు దొరకదు.

మీ విజయవాడ పాత్ర ఖోడద్‌లోనే ఉండనక్కర్లేదు. రికార్డు చేసిన డేటాను జల్లెడ పట్టే పని ఎక్కడి నుంచైనా చేయొచ్చు. మాచవరంలో అద్దె గదిలో కూర్చున్న ఎంఎస్సీ అమ్మాయి చాలు.

4. జీవి శరీరం

ముందు గ్రహం, తర్వాత ఒళ్ళు. గురుత్వం ఎంత, వెలుతురు ఏ రంగు, పగలెన్ని గంటలు. ఆ మూడింటి నుంచి ఒక ఇంద్రియం ఎక్కువ, ఒకటి తక్కువ అని తేల్చుకుంటే చాలు. పది వింతలు పెడితే ఒక్కటీ గుర్తుండదు.

ఒకటి దగ్గరగా చూద్దాం. మీ జీవులు వేడిని చూస్తాయి, మనం చూసే వెలుతురును చూడవు అనుకోండి. వాళ్ళ చేతికి కొండపల్లి బొమ్మ ఇచ్చారు. తెల్లపొణికి చెక్క మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఆ జీవికి రంగులన్నీ ఒకటే మసక, ఎందుకంటే గది వేడిలో ఉన్న రంగులన్నీ దాదాపు ఒకేలా వేడిని వెదజల్లుతాయి. కానీ బొమ్మను అందించిన మనిషి వేళ్ళ జాడ మాత్రం చెక్క మీద కాసేపు మెరుస్తూ ఉండి, మెల్లగా ఆరిపోతుంది. మనం ఇచ్చింది బొమ్మ. వాళ్ళకు అందింది ఆరిపోతున్న ఒక చేయి. ఇంకొకటి: కిటికీ గాజు ఆ వేడిని దాటనివ్వదు. బీసెంట్ రోడ్డులో షాపుల ముందు మెరిసే అద్దాలు వాళ్ళకు గోడలు. గాజు గదిలో కూర్చోబెట్టి బయటి నుంచి పలకరిస్తే వాళ్ళకు మనం కనిపించం. ఒక్క ఇంద్రియం మారిస్తే ఎన్ని దృశ్యాలు వచ్చాయో చూడండి.

తరచూ చూసే తప్పులు మూడు. మిరపకారం తిని గ్రహాంతరవాసి అల్లాడిపోయే దృశ్యం గుంటూరు పక్కన రాసేవాళ్ళకు తప్పనిసరిగా తడుతుంది. కారం రుచి కాదు. మిరపలోని కాప్సైసిన్ మన నరాల్లో వేడిని పసిగట్టే గ్రాహకానికి తగులుకుంటే ఒళ్ళు మండినట్టు అనిపిస్తుంది. పక్షుల్లో ఆ గ్రాహకం వేరేలా ఉంటుంది, అందుకే చిలకలు మిరపపళ్ళు హాయిగా తింటాయి. మన చెట్టు మీది పక్షికే లేని మంట వేరే గ్రహం జీవికి ఉంటుందని ఎలా అంటాం? తేజ రకం కాయను ఆ జీవి కసుక్కున నమిలి ఊరుకుంటే, చుట్టూ చూస్తున్న యార్డు హమాలీల ముఖాల్లోనే దృశ్యం ఉంది. రెండోది, మన వైరస్ సోకి వాళ్ళు చావడం. వైరస్‌కు ఆతిథ్యమిచ్చే కణం తెలిసిందై ఉండాలి. మన చక్కెరలకూ ప్రోటీన్లకూ ఎడమచేతి, కుడిచేతి వాటాలున్నాయి, వాళ్ళవి అద్దంలో బింబంలా తిరగబడి ఉంటే మన అన్నం వాళ్ళ ఒంటికి పట్టదు, మన జబ్బూ అంటదు. మూడోది, కర్బనం బదులు సిలికాన్ దేహం. కర్బనం ఆక్సిజన్‌తో కలిస్తే గాలిలోకి వదలగలిగే వాయువు వస్తుంది. సిలికాన్ కలిస్తే ఇసుక వస్తుంది. ఇసుక ఊపిరిగా వదిలే జీవిని రాయాలనుకుంటే దానికి వివరణ సిద్ధం చేసుకోండి.

5. భాష: అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సిన చోటు

రెండు రోజుల్లో గడగడా తెలుగు మాట్లాడే యంత్రాన్ని పెడితే నవలలో సగం సంపద పోయినట్టే. అర్థం చేసుకోవడాన్ని నాలుగు మెట్లుగా విడదీయండి: అంకెలు, పదార్థాలు, కాలం, ఉద్దేశం. అంకెలు తొందరగా వస్తాయి. 1974లో ప్యూర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోపు నుంచి పంపిన సందేశంలో 1,679 చుక్కలున్నాయి. అది 23, 73 అనే రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం. అందుకుని విడగొట్టిన వాళ్ళకు 23 అడ్డం, 73 నిలువు పెట్టి చూస్తే బొమ్మ వస్తుంది. మీ సంకేతానికీ ఇలాంటి కొలత ఒకటి కట్టండి. మరీ పెద్దదొద్దు, పాఠకుడు పెన్సిల్ తీసుకుని గీసి చూసుకోగలగాలి.

పదార్థాల దగ్గర వేలు చూపించి పేరు చెప్పడం మొదలవుతుంది, చిక్కులూ మొదలవుతాయి. నాయిక పచ్చిమిరపకాయ చూపించి "పచ్చిది" అంటుంది. ఆ జీవికి అందింది రంగా, పండకపోవడమా, వండకపోవడమా, కాయ పేరా? పచ్చ, పచ్చి, పసుపుపచ్చ, పచ్చిపాలు, పచ్చిగోడ. ఒక్క మాట మీద ఒక అధ్యాయం నడపొచ్చు. "టీ గీ తాగుతారా" అన్నారనుకోండి, గీ అంటే ఏమిటో వాళ్ళు నెల రోజులు వెతుకుతారు. ఆటో అతను ప్రయాణికురాలిని అక్కా అంటాడు, కూరగాయల ఆవిడ ఎస్సైని బాబూ అంటుంది, పక్కింటి పిల్లాడు వాచ్‌మన్‌ను బాబాయ్ అంటాడు. విన్నది విన్నట్టు రాసుకుంటే బెజవాడ మొత్తం ఒకే కుటుంబం అని వాళ్ళ పట్టికలో తేలుతుంది. ఆ అపార్థాన్ని కథ చివరి దాకా సరిదిద్దకుండా ఉంచి చూడండి.

అసలు నిధి సర్వనామాల్లో ఉంది. తెలుగులో ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. వాళ్ళ భాషలో ఈ తేడా లేదనుకోండి. సందేశంలో ఒక వాక్యం విడివడింది: తక్కువగా ఉన్నది నీళ్ళు, ఎవరికి అంటే, మాట్లాడేవాళ్ళకు. దాన్ని తెలుగులో పెట్టాల్సిన అమ్మాయి ముందు రెండే దారులున్నాయి. "మాకు నీళ్ళు తక్కువ" అంటే అడగడానికి వచ్చారు. "మనకు నీళ్ళు తక్కువ" అంటే మన కష్టం కూడా తెలిసి మాట్లాడుతున్నారు. ఒక్క అక్షరం తేడా. కలెక్టర్ బల్ల మీదికి ఏ కాగితం వెళ్ళిందన్న దాన్నిబట్టి కథ మలుపు తిరుగుతుంది. ఇంగ్లిష్‌లో రాసేవాళ్ళకు ఈ మలుపు దొరకదు.

కాలం కూడా అంతే. "వస్తాం" అంటే రోజూ వస్తుంటాం అనీ, రేపు వస్తాం అనీ. "చిన్నవాళ్ళను తీసుకెళ్తాం" అని తేలిందనుకోండి. పిల్లల్ని వెంటబెట్టుకుని తిరగడం వాళ్ళ అలవాటా? మన పిల్లల్ని ఎత్తుకుపోతామన్న మాటా? ఎవరి చిన్నవాళ్ళో వాక్యం చెప్పదు, ఎప్పుడో చెప్పదు. ఈ ఒక్క వాక్యం టీవీ స్క్రోలింగ్‌లోకి ఎక్కిన సాయంత్రం నుంచి ఊళ్ళో ఏం జరుగుతుందో రాయడానికి మీకు మూడు అధ్యాయాలు కావాలి.

ఆ జీవిని ఏమని పిలుస్తారన్నది ముందే తేల్చుకోండి. అది వచ్చింది, అవి వచ్చాయి, వాళ్ళు వచ్చారు, వారు వేంచేశారు. క్రియ కూడా మారిపోతుంది కాబట్టి దాచిపెట్టడం కుదరదు. పైగా అది అంటే వస్తువు అనే కాదు, "అది మా చెల్లెలు" అన్నప్పుడు చనువు. ఎస్సై నోట్లో అది అంటే అనుమానం, ముసలమ్మ నోట్లో అదే మాట "పాపం, అది ఏం తిందో ఏమో" అంటే జాలి. ప్రతి పాత్రకూ ఒక కాగితం పెట్టుకుని, ఏ అధ్యాయంలో అవి నుంచి వాళ్ళులోకి మారతారో రాసుకోండి. ఆ మార్పు దగ్గర కథకుడు ఏమీ వివరించకూడదు. క్రియ మారితే చాలు, పాఠకుడు పట్టుకుంటాడు.

ఇక పుకారు. "బ్యారేజీ దగ్గర దిగిందంట" అన్న మాటలో అంట అనేది చెప్పేవాడి బాధ్యతను తగ్గిస్తుంది. నాలుగో నోటికి చేరేసరికి ఆ అంట రాలిపోయి "దిగింది" మిగులుతుంది. మీ సంభాషణల్లో సరిగ్గా ఎవరి నోట అది రాలిందో గుర్తుపెట్టుకోండి. కృష్ణా, గుంటూరు యాస పలికించాలంటే వచ్చుద్ది, అయిద్ది, ఏందయ్యా లాంటివి ఒక్కో పాత్రకు రెండు మూడు చాలు, ప్రతి మాటా వంకర తిప్పితే చదవడం కష్టం.

ఆసక్తి ఉంటే వాడుకోవడానికి ఒక నిజం: వోయేజర్ నౌకలు మోసుకెళ్తున్న బంగారు రికార్డులో 55 భాషల పలకరింపులున్నాయి, వాటిలో తెలుగు ఒకటి. వాళ్ళు మొదట విన్న మనిషి మాట తెలుగే అయితే అన్న ఊహకు అక్కడ పునాది ఉంది.

6. ఊరిని నిజంగా నడపండి

పైనుంచి వస్తువు పడే దృశ్యంలో వెలుగూ చప్పుడూ ఒకేసారి రాస్తారు. ముప్పై కిలోమీటర్ల ఎత్తున మెరిస్తే చప్పుడు కిందికి రావడానికి కనీసం 90 సెకన్లు పడుతుంది. 2013లో రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద ఉల్క పేలినప్పుడు వెలుగు చూసి కిటికీల దగ్గరికి పరుగెత్తిన వాళ్ళకే అద్దాలు పగిలి ఎక్కువ గాయాలయ్యాయి. బెంజి సర్కిల్‌లో ఆ తొంభై సెకన్లు ఎలా గడుస్తాయో రాయండి, బండ్లు ఆపి తలెత్తి చూస్తున్నవాళ్ళు, ఫోన్లు పైకి లేచిన చేతులు, ఇంకా ఏ చప్పుడూ లేదు.

ఎక్కడ పడాలి? ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది, పొడవు 1,223 మీటర్లు. మే నెలలో బ్యారేజీ దిగువన ఇసుకే ఇసుక, ఎగువన భవానీ ద్వీపం చుట్టూ నీళ్ళు. ఆగస్టు, సెప్టెంబరులో దిగువన కూడా వరద. నెల మారితే పడే చోటు మారుతుంది, వెళ్ళే దారి మారుతుంది.

జనం, యంత్రాంగం ఎలా కదులుతారో ఊహించనక్కర్లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది, బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు వదిలారు, కొట్టుకొచ్చిన పడవలు గేట్ల కౌంటర్‌వెయిట్లను గుద్దాయి. కరెంటు పోయింది, ఫోన్ల ఛార్జింగ్ అయిపోయింది, మేడల మీద ఉన్నవాళ్ళకు డ్రోన్లతో ఆహారం అందించారు. ఆ రోజుల పత్రికలు తిరగేసి గంట గంటకూ ఏమైందో రాసుకోండి. మీ కథలో గ్రహాంతరవాసులు దిగినా పాలప్యాకెట్ దొరకదు, మంచినీళ్ళ ట్యాంకర్ చుట్టూ బిందెలు చేరతాయి, ఫోన్ ఛార్జింగ్ ఉన్నవాడి చుట్టూ వీధి మూగుతుంది.

పదవులూ పేర్లూ సరిచూసుకోండి. విజయవాడ 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది, కృష్ణా జిల్లా కలెక్టర్ వచ్చాడని రాస్తే తప్పు. 2024 జులై తర్వాత జరిగే కథలో 144 సెక్షన్ పెట్టారని ఉండకూడదు, కొత్త చట్టంలో అది 163. జనం నోట మాత్రం ఇంకా 144 అనే వస్తుంది, సంభాషణలో అలాగే ఉంచండి. విపత్తుల్లో సాయపడే కేంద్ర దళం ఎన్డీఆర్ఎఫ్ పదో బెటాలియన్ గన్నవరం పక్కన కొండపావులూరులోనే ఉంది, ఢిల్లీ నుంచి విమానంలో దింపనక్కర్లేదు.

పూజలు చేసేవాళ్ళు, భయపడేవాళ్ళు, అమ్ముకునేవాళ్ళు ముగ్గురూ ఉంటారు. వాళ్ళలో ఎవరినీ వెక్కిరించకండి. దసరా క్యూలో నిలబడ్డ ఆవిడ ఆకాశం వైపు చూసి దణ్ణం పెడితే, ఆ నమస్కారానికి ఖోడద్‌లో డిష్ తిప్పినంత గౌరవం ఇవ్వండి.

7. కొలతలు, ప్రెస్

డెమీ కాగితంలో ఎనిమిదో వంతు సైజులో తెలుగు పేజీకి సుమారు 250 మాటలు పడతాయి. ఫారానికి, అంటే ప్రెస్‌లో అచ్చయ్యే ఒక పెద్ద కాగితానికి, 16 పేజీలు. పదిహేను ఫారాలు అనుకుంటే 240 పేజీలు, ముందుమాట వగైరాలకు 12 తీసేస్తే 228, అంటే 57 వేల మాటలు. రెండు వేల మాటల అధ్యాయాలు 28. మొదటి భాగానికి 16, రెండో భాగానికి 12 ఇవ్వండి, 24 ఏళ్ళ ఖాళీ తర్వాత కథ వేగం పెరగాలి. ఖాళీని వివరిస్తూ అధ్యాయం రాయొద్దు. రెండో భాగం మొదటి పేరాలో అమ్మ చెప్పులు గుమ్మం దగ్గర ఉన్నాయో లేవో చెబితే సరిపోతుంది.

శాస్త్ర వివరం ఎప్పుడు పెట్టాలి? ఎవరో ఒక నిర్ణయం తీసుకోవాల్సిన క్షణంలో. ప్రొఫెసర్ కుర్చీలో వెనక్కి వాలి కాంతి సంవత్సరం అంటే ఏమిటో చెబుతుంటే పాఠకుడు పేజీ తిప్పుతాడు. జవాబు ఇప్పుడు పంపితే నేను బతికి ఉండగా వింటానా అని ఆ అమ్మే లెక్కపెడుతుంటే ఆ అంకె గుర్తుండిపోతుంది.

జనవరిలో బెజవాడ పుస్తక మహోత్సవానికి పుస్తకం చేతికి రావాలంటే నవంబరు మొదటికి ఫైలు ఇవ్వండి. డిసెంబరులో ప్రెస్సులన్నీ క్యాలెండర్లు, డైరీల పనిలో ఉంటాయి. ఐఎస్‌బీఎన్‌కు ముందే దరఖాస్తు పెట్టండి, పుస్తకానికి ఇచ్చే ఆ గుర్తింపు సంఖ్య మన దేశంలో ఉచితం. యూనికోడ్‌లో రాసినదాన్ని డీటీపీ వాళ్ళు అనూ ఫాంట్లలోకి మార్చినప్పుడు పొల్లు తర్వాత విడిగా నిలవాల్సిన అక్షరం వత్తై కిందికి దిగిపోవచ్చు. జీఎంఆర్‌టీ, డిష్‌లు, మీర్‌కాట్, సింగ్‌నగర్ లాంటి మాటలన్నీ జాబితా రాసి ప్రూఫు చూసేవాళ్ళకు ఇవ్వండి. అంకెల మధ్య చుక్కలు, కామాలు కూడా: 11.9 అన్నది 119 అయితే మీ కాలపట్టిక మొత్తం కూలుతుంది.

ఫైలు ప్రెస్‌కు వెళ్ళే ముందు రోజు ఒక పని మిగులుతుంది. కంప్యూటర్‌లో మనం, మనకు, మన, మేము, మాకు, మా అన్న మాటలను ఒక్కొక్కటీ వెతికించి, గ్రహాంతర జీవులు పలికిన ప్రతి వాక్యం దగ్గరా ఆగండి. పక్కన మీ నోటు పుస్తకం పెట్టుకోండి. ఎక్కడ మా అని ఉండాలో, ఏ పేజీలో మొదటిసారి మన అని రావాలో అందులో రాసుకున్నారు కదా. అంతకుముందు పేజీల్లో పొరపాటున ఒక్క మన దొర్లినా కొట్టేయండి.